పంపడం వేరు, చేరడం వేరు

పెద్ద ఫైళ్లను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఎలా తరలించాలన్నది ఇంజినీర్ల సొంత గొడవలా కనిపిస్తుంది. కానీ ఆ నిర్ణయంలో తప్పు జరిగితే నష్టపోయేది ఇంజినీర్లు కాదు.

బ్రిటన్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ 2007 నవంబర్ 20న పార్లమెంటులో ఒక ఇబ్బందికరమైన ప్రకటన చేయాల్సి వచ్చింది. పిల్లల భత్యం పొందుతున్న కుటుంబాల రికార్డులున్న రెండు సీడీలు పోయాయన్నది దాని సారాంశం. అందులో రెండున్నర కోట్ల మంది పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు ఉన్నాయి. చాలామంది బ్యాంకు ఖాతాల వివరాలు కూడా ఉన్నాయి. ఎవరూ సర్వర్ల మీద దాడి చేయలేదు. తాళాలు పగలగొట్టలేదు. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని రెవెన్యూ శాఖ కార్యాలయం నుంచి లండన్‌లోని జాతీయ ఆడిట్ కార్యాలయానికి ఆ సీడీలను మామూలు కొరియర్‌లో వేశారు. రిజిస్టర్ చేయలేదు. ఎక్కడున్నాయో తెలుసుకునే ఏర్పాటు లేదు. ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టారు గానీ ఎన్‌క్రిప్ట్ చేయలేదు. మొదటి ప్యాకెట్ అందలేదని తెలిశాక అవే వివరాలతో మరో జత పంపారు. ఈసారి రిజిస్టర్ చేసి పంపడంతో అది చేరింది. మొదటి జత మాత్రం దొరకనే లేదు. శాఖ అధిపతి పాల్ గ్రే రాజీనామా చేశారు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా ఓ చిరుద్యోగి నిర్లక్ష్యంగా చెప్పుకుంటారు. నిజానికి అది పద్ధతిని ఎంచుకోవడంలో జరిగిన పొరపాటు. పెద్ద ఫైలును ఒకచోటి నుంచి మరోచోటికి పంపాల్సి వచ్చినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగే. సరకు ఎంత? దూరం ఎంత? అది ఎవరి డేటా? చేరిందని ఎలా రుజువవుతుంది? చాలా కార్యాలయాల్లో మొదటి ప్రశ్నతోనే చర్చ ముగుస్తుంది. 'ఏది త్వరగా అవుతుంది' అని అడిగి, చేతికి అలవాటైన కమాండ్‌ను కొట్టేస్తారు. మిగతా మూడు ప్రశ్నలు ఏదో ఒకటి పోయాక విచారణ కమిటీ అడుగుతుంది.

లెక్క ముందు, పని తర్వాత

మొదటి ప్రశ్నకు జవాబు చిన్న లెక్కలో ఉంది. ఆశ్చర్యమేమంటే ఆ లెక్క వేసేవారు తక్కువ. ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు 100 మెగాబిట్ల లైన్ మీద సెకనుకు వెళ్లేది 12.5 మెగాబైట్లే. ఆ లైన్ పూర్తిగా ఖాళీగా ఉన్నా ఒక టెరాబైట్ వెళ్లడానికి 22 గంటలకు పైగా పడుతుంది. పది టెరాబైట్లకు తొమ్మిది రోజులు దాటుతుంది. సెకనుకు ఒక గిగాబిట్ లైన్ అయితే టెరాబైట్‌కు రెండుంపావు గంటలు చాలు. పగలు అదే లైన్ మీద కార్యాలయం పనులు కూడా నడుస్తుంటాయి గనుక వాస్తవంలో దీనికి ఒకటిన్నర రెట్లు వేసుకోవడం మంచిది.

ఈ లెక్క వేస్తే ఒక్కోసారి నెట్‌వర్క్ కంటే రోడ్డే వేగమని తేలుతుంది. 20 టెరాబైట్ల హార్డ్ డిస్కును రాత్రి బస్సులో వేసి మర్నాటికి వేరే ఊరు చేర్చారనుకుందాం. 24 గంటల్లో అందితే అది సెకనుకు 1.8 గిగాబిట్లకు పైబడిన లైన్‌తో సమానం. దక్షిణాఫ్రికాలో 2009లో ఓ కంపెనీ ఇదే విషయాన్ని వెటకారంగా నిరూపించింది. విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 గిగాబైట్ల మెమరీ కార్డు కట్టి దాదాపు 80 కి.మీ. దూరంలోని డర్బన్ ప్రాంతానికి వదిలింది. కార్డులోని డేటాను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో సహా పని రెండు గంటల ఏడు నిమిషాల్లో పూర్తయింది. ఆ సమయానికి బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీద నాలుగు శాతం మాత్రమే వెళ్లింది.

ఇది వెనకబడిన దేశాల గోడు మాత్రమే కాదు. 2019 ఏప్రిల్ 10న ప్రపంచం చూసిన తొలి కృష్ణబిలం చిత్రం కూడా ఇలాగే తయారైంది. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో టెలిస్కోపులు సేకరించిన దాదాపు 5 పెటాబైట్ల, అంటే 5,000 టెరాబైట్ల డేటాను ఏ ఇంటర్నెట్ మీదా పంపలేదు. హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో అమెరికాలోని ఎంఐటీ హేస్టాక్ పరిశోధనశాలకు, జర్మనీలో బాన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చేరవేశారు. దక్షిణ ధ్రువం దగ్గరి టెలిస్కోపు డిస్కులు చలికాలమంతా అక్కడే ఆగిపోయాయి. విమానాలు తిరగడం మొదలయ్యాక ఆ ఏడాది డిసెంబర్‌లో గానీ అవి చేరలేదు. ఖగోళ శాస్త్రవేత్తలు అన్ని నెలలు ఓపిక పట్టారు. వేగం కన్నా సరకు చెక్కుచెదరకుండా అందడమే వారికి ముఖ్యం.

అయితే డిస్కు పంపడం కూడా శాశ్వత పరిష్కారం కాదు. అమెజాన్ సంస్థ 2016లో 45 అడుగుల కంటైనర్ లారీని తీసుకొచ్చింది. దాని పేరు స్నోమొబైల్. 100 పెటాబైట్లను మోసుకెళ్లే ఆ బండిని 2024లో విరమించుకుంది. లైన్లు మెరుగుపడే కొద్దీ నిన్నటి జవాబు రేపటికి పనికిరాదు. లెక్క ప్రతిసారీ కొత్తగా వేయాల్సిందే.

దూరం చేసే మాయ

లెక్క ప్రకారం రెండు గంటల్లో పోవాల్సిన ఫైలు రెండు రోజులైనా పోకపోతే అనుమానించాల్సింది దూరాన్ని. ఇంటర్నెట్ మీద అత్యధిక భాగం డేటాను మోసే టీసీపీ విధానంలో పంపే యంత్రం కొంత సరకు పంపి, 'అందింది' అన్న రసీదు కోసం ఎదురుచూస్తుంది. రసీదు వస్తేనే తర్వాతి విడత కదులుతుంది. హైదరాబాద్‌లో ఒకే భవనంలోని రెండు సర్వర్ల మధ్య రసీదు కన్నుమూసి తెరిచేలోగా వస్తుంది. అమెరికాలోని సర్వర్‌కైతే కాంతి వేగంతో వెళ్లినా సముద్రాలు దాటి రావాలి. ఆ రాకపోకలకు సెకనులో ఐదో వంతు పడుతుందనుకుందాం. ఒక్కో విడతలో 64 కిలోబైట్లే పంపే పాత పరిమితి ఉంటే సెకనుకు 320 కిలోబైట్లు మాత్రమే వెళ్తాయి. లైన్ సామర్థ్యం గిగాబిట్ అయినా ఫలితం అంతే. రెండుంపావు గంటల పని 35 రోజులకు సాగుతుంది.

ఈ పరిమితిని పెంచే మార్గాన్ని 1992లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేర్చారు. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు అవసరాన్ని బట్టి విడత పరిమాణాన్ని వాటంతటవే పెంచుకుంటాయి. కానీ మధ్యలో పాత ఫైర్‌వాల్ అడ్డుపడ్డా, వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు దాని సొంత పరిమితి ఉన్నా పాత జబ్బు తిరగబెడుతుంది. దానికి వాడే మందులు మూడు. విడత పరిమాణం పెంచడం మొదటిది. ఒకే ఫైలును ముక్కలు చేసి ఏకకాలంలో పది పన్నెండు దారాలుగా పంపడం రెండోది. ప్రతి విడతకూ రసీదు కోసం ఆగని యూడీపీ మీద సొంత నియమాలతో నడిచే సాఫ్ట్‌వేర్‌ను వాడడం మూడోది. 2014లో ఐబీఎం కొనుగోలు చేసిన ఆస్పెరా పేరు తెచ్చుకున్నది ఈ మూడో దారిలోనే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టడం ఎవరికి గిట్టుబాటో ఒక ఉదాహరణ చాలు. హైదరాబాద్‌లోని విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు సినిమాను వీడియో ఫైలుగా కాకుండా విడివిడి ఫ్రేములుగా అందుకుంటాయి. 4కే పరిమాణంలో, కుదించకుండా ఉంచిన 10 బిట్ ఫ్రేము ఒక్కోటి దాదాపు 35 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తెర మీద ఒక్క నిమిషం నిలిచే దృశ్యం 50 గిగాబైట్లు దాటుతుంది. అది లాస్ ఏంజెలెస్‌కో లండన్‌కో వెళ్లి, మార్పులతో తిరిగి రావాలి. రిలీజ్ తేదీ ముందే ప్రకటించి ఉంటుంది. అక్కడ నిమిషాలకు కూడా విలువ ఉంటుంది. అదే నెలకోసారి రాత్రిపూట బ్యాకప్ పంపే సంస్థకు ఆ ఖర్చు దండగ. తెల్లవారేసరికి చేరితే చాలు.

ప్రభుత్వ రంగంలో ఈ సమస్యను ఎదుర్కొన్నది శాస్త్రవేత్తలు. జెనీవా సమీపంలోని సెర్న్ కణ భౌతిక ప్రయోగాల డేటా ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కూ, కోల్‌కతాలోని కేంద్రానికీ వస్తుంది. ఏళ్ల తరబడి దీనికి ఎన్నో దారాలుగా పంపే గ్రిడ్ఎఫ్‌టీపీని వాడి, తర్వాత హెచ్‌టీటీపీ ఆధారిత పద్ధతులకు మారారు. దేశంలోని విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను భారీ సామర్థ్యమున్న లైన్లతో కలిపేందుకు కేంద్ర మంత్రివర్గ సంఘం 2010లో రూ.5,990 కోట్ల అంచనాతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. రోడ్డు వేయడం ప్రభుత్వం పని. దాని మీద ఏ బండి నడపాలో తేల్చుకోవాల్సింది మాత్రం సంస్థలే.

పాత బళ్లు, కొత్త బళ్లు

ఈ బళ్లలో అన్నిటికంటే పాతదానికి భారతీయ మూలముంది. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్ ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఎఫ్‌టీపీకి తొలి రూపం రాశారు. నెట్‌వర్క్‌లో ఉన్నవారంతా ఒకరికొకరు తెలిసిన రోజులవి. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఫైలు అన్నీ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా వెళ్లేవి. అప్పటికి అది సరిపోయింది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను ఎవరో దొంగచాటుగా పట్టేశారు. దాంతో అక్కడి పరిశోధకుడు టాటు యులొనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేశారు. పోస్టుకార్డు స్థానంలో సీలు వేసిన కవరు వచ్చింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు 2021లో ఎఫ్‌టీపీకి సెలవు చెప్పేశాయి. అయినా లోపలి నెట్‌వర్కే కదా అన్న ధీమాతో ఇప్పటికీ దాన్ని నడిపేవారున్నారు. ఎన్‌క్రిప్ట్ చేస్తే వేగం పడిపోతుందన్న వాదన కూడా పాతబడింది. గత దశాబ్దంన్నరగా వస్తున్న సర్వర్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ పని కోసమే ప్రత్యేక సదుపాయం ఉంది.

ఎస్‌ఎస్‌హెచ్ కవరులో ఫైలు పంపే పాత పనిముట్టు ఎస్‌సీపీ. ఇంజినీర్లకు కొట్టిన పిండి. మధ్యలో లైన్ తెగితే మాత్రం మళ్లీ మొదటి నుంచీ మొదలు పెట్టాలి. 900 గిగాబైట్లు వెళ్లాక తెగినా అంతే. దాని లోపలి విధానం పాతబడిందని, తేలిగ్గా సరిచేయలేమని నిర్వాహకులే 2019లో ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ కూడా లోపల ఎస్‌ఎఫ్‌టీపీనే వాడుతోంది. పేరు పాతదే, ఇంజన్ మారింది.

పెద్ద ఫైళ్లకు ఎక్కువ మంది మొగ్గుచూపేది ఆర్‌సింక్ వైపు. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ 1996లో దీన్ని విడుదల చేశారు. రెండు చోట్లా ఉన్న ఫైళ్లను ముక్కలు ముక్కలుగా పోల్చి, తేడా ఉన్న ముక్కలనే పంపడం దీని కిటుకు. 500 గిగాబైట్ల ఫైలులో నిన్నటి నుంచి ఐదు గిగాబైట్లే మారితే ఇంచుమించు ఆ ఐదే వెళ్తాయి. లైన్ తెగితే, సగం వెళ్లిన ఫైలును ఉంచమని ముందే చెప్పి ఉంటే, ఆగినచోటి నుంచి అందుకుంటుంది. విండోస్ సర్వర్లలో ఇలా ఆగినచోటి నుంచి అందుకునే పనికి రోబోకాపీ ఉంది. కుదించిన ఫైలు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు విషయంలో మాత్రం ఆర్‌సింక్ కిటుకు పారదు. లోపల ఒక్క అక్షరం మారినా అలాంటి ఫైలు చాలావరకు కొత్తదిగా కనిపిస్తుంది.

సరకు స్వభావాన్ని బట్టి కూడా బండి మారుతుంది. ఒకే టెరాబైట్ ఫైలు వేరు, టెరాబైట్ బరువున్న కోటి చిన్న ఫైళ్లు వేరు. కోటి ఫైళ్లకు కోటిసార్లు తలుపు తీసి మూయాలి. వాటిని టార్ పద్ధతిలో ఒకే మూటగా కట్టి పంపితే గంటలు కలిసొస్తాయి. మూట దారిలో తెగితే ఆగినచోటి నుంచి అందుకోవడం కష్టమన్నది దానికి చెల్లించే మూల్యం. అక్షరాలతో నిండిన లాగ్ ఫైళ్లను కుదిస్తే బాగా చిక్కిపోతాయి. వీడియోలు, ఫొటోలు ముందే కుదించి ఉంటాయి గనుక మళ్లీ కుదించడం ప్రాసెసర్‌కు వృథా శ్రమ. నడుస్తున్న డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేయడమైతే ప్రమాదకరం. కాపీ మొదలైనప్పటి ఖాతాలు, ముగిసేసరికి ఉన్న ఖాతాలు ఒకే ఫైలులో కలగాపులగమవుతాయి. దానికి డేటాబేస్‌లోనే ఉండే డంప్ లేదా రెప్లికేషన్ సదుపాయం వాడాలి. ఒక ఫైలు వేల సర్వర్లకు వెళ్లాలంటే దారి మళ్లీ వేరు. ట్విట్టర్ 2010లో తన సర్వర్లన్నింటికీ కొత్త కోడ్‌ను పంపడానికి బిట్‌టోరెంట్ పద్ధతిని వాడింది. అందుకున్న ప్రతి సర్వరూ పక్కదానికి పంచుతుంది. బంతి భోజనాల్లో వడ్డించే చేతులు పెరిగినట్టు.

సర్వీసు ఆపకుండా తరలించాల్సినప్పుడు అనుభవజ్ఞులు రెండు విడతల దారి పడతారు. పాత సర్వర్ నడుస్తుండగానే మొత్తం సరకును ఒకసారి పంపుతారు. దీనికి మూడు రోజులు పట్టినా ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాత ఓ అర్ధరాత్రి సర్వీసును కాసేపు ఆపి, ఆ మూడు రోజుల్లో మారినవాటినే పంపి కొత్త సర్వర్‌ను తెరుస్తారు. మూడు రోజుల మూత అరగంటకు తగ్గుతుంది.

కాటా చీటీ ఏదీ?

మిల్లు నుంచి బియ్యం లారీ బయల్దేరేటప్పుడు కాటా వేస్తారు. గోదాము దగ్గర మళ్లీ వేస్తారు. రెండు చీటీలు సరిపోతేనే సరకు దించుకుంటారు. బరువు ఒక్కటే చూస్తే మేలు రకం బస్తాల బదులు నూక బస్తాలు వచ్చినా తెలియదు కాబట్టి శాంపిల్ కూడా తీస్తారు. ఫైళ్ల తరలింపులో బరువు అంటే సైజు. శాంపిల్ అంటే చెక్‌సమ్. ఫైలు మొత్తాన్ని ఒక గణిత సూత్రం గుండా పంపితే చిన్న సంకేతం వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే షా-256లో అది 64 అక్షరాలు, అంకెల వరస. ఫైలులో ఒక్క బిట్ మారినా వరస పూర్తిగా మారిపోతుంది. బయల్దేరేముందు ఒకసారి, చేరాక ఒకసారి లెక్కించి రెండూ పోల్చితే అనుమానం తీరుతుంది.

నెట్‌వర్క్ తప్పులు పట్టుకోదా అని ఎవరైనా అడగవచ్చు. పట్టుకుంటుంది, అన్నీ కాదు. జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పాట్రిడ్జ్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం టీసీపీ తనిఖీ కళ్లుగప్పి దాటే తప్పుడు ప్యాకెట్లు 1.6 కోట్లకు ఒకటి నుంచి 1,000 కోట్లకు ఒకటి వరకూ ఉండవచ్చు. వినడానికి ఇది చాలా తక్కువ. కానీ ఒక టెరాబైట్‌లో దాదాపు 68 కోట్ల ప్యాకెట్లుంటాయి. చెడ్డ పరిస్థితిలో 40కి పైగా తప్పు ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా చేరిపోతాయన్నమాట. ఎస్‌ఎస్‌హెచ్ తన సొంత తనిఖీతో దారిలో జరిగే మార్పులను పట్టుకుంటుంది. మెమరీలోనో, డిస్కులోనో చెడిపోతే దానికీ తెలియదు. చిన్న ఫైళ్లకు పట్టింపు లేని తప్పులు పెద్ద ఫైళ్లలో లెక్కకొస్తాయి.

చెక్‌సమ్ సరిపోయాక కూడా ఒక నిర్ణయం మిగులుతుంది. పాత ప్రతిని ఎప్పుడు చెరిపేయాలి? అమెరికాకు చెందిన మైస్పేస్ 2019 మార్చిలో ఒక సంగతి ఒప్పుకుంది. సర్వర్ల తరలింపులో, అప్పటికి మూడేళ్లకు పైగా పాతవైన ఫొటోలు, వీడియోలు, పాటలు అందుబాటులో లేకుండా పోయి ఉండవచ్చని అది ప్రకటించింది. పోయిన పాటలు 5 కోట్లకు పైనేనని అంచనా. పేరు లేని వేలాది గాయకులకు అదొక్కటే నకలు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబర్‌లో సూపర్ కంప్యూటర్ బ్యాకప్ కార్యక్రమంలో లోపం వల్ల 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధక బృందాలు ప్రభావితమయ్యాయి. అందులో నాలుగింటి డేటా తిరిగి రాలేదు. పాత లాగ్ ఫైళ్లను తొలగించాల్సిన ఆదేశం అసలు ఫైళ్ల మీద పడింది. కాపాడడానికి నడిపిన కార్యక్రమమే కాజేసింది.

ఆర్‌సింక్‌లోనూ ఇలాంటి కత్తి ఉంది. ఇటువైపు లేని ఫైళ్లను అటువైపు చెరిపేసే ఆప్షన్ అది. ఎటు నుంచి ఎటు అన్నది తలకిందులైతే ఖాళీ సర్వర్ నిండు సర్వర్‌ను ఖాళీ చేస్తుంది. ముందుగా ఉత్తుత్తి పరుగు పెట్టి ఏం జరగబోతోందో చూపించే సదుపాయం అందులోనే ఉంది. దానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు లేవన్నంత తొందర ఉంటే ఆ రోజు ఆ పని చేయకపోవడమే మేలు.

ఎవరి సరకు, ఎవరి బాధ్యత

మూడో ప్రశ్న, అంటే అది ఎవరి డేటా అన్నది, ఇంజినీరు ఒక్కడే జవాబు చెప్పగలిగేది కాదు. బ్రిటన్ ఉదంతంలో ఎక్కువమంది మరచిపోయిన సంగతి ఒకటుంది. ఆడిట్ కార్యాలయం బ్యాంకు వివరాలు అడగలేదు. వాటిని తీసేసి పంపమని కోరింది. వేరుచేయడానికి అదనపు ఖర్చవుతుందని రెవెన్యూ శాఖ మొత్తం ఫైలునే పంపింది. సరైన బండి ఏదని అడిగే ముందు, ఇంత సరకు పంపాలా అని అడిగి ఉంటే సీడీలు పోయినా ఖాతాల వివరాలు పోయేవి కావు. పంపని డేటాను ఎవరూ దొంగిలించలేరు.

సురక్షితమని పేరున్న పద్ధతి కూడా పూర్తి భరోసా కాదని 2023 మేలో తేలింది. సంస్థలు గోప్యమైన ఫైళ్లను పంపుకునేందుకే తయారైన మూవ్ఇట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని క్లాప్ అనే ముఠా వాడుకుంది. బాధిత సంస్థలు 2,700 దాటాయి. వివరాలు బయటపడ్డ వ్యక్తులు 9 కోట్లకు పైనే. జీతాల లెక్కలు చూసే ఓ కంపెనీ ద్వారా బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలు పోయాయి. ఆ ఉద్యోగుల్లో ఎంతమంది ఆ సాఫ్ట్‌వేర్ పేరు అంతకుముందు విని ఉంటారు? దారిలో ఎన్‌క్రిప్షన్ పటిష్ఠంగానే ఉన్నా, దొంగలు మాటు వేసింది దారిలో కాదు. ఫైళ్లు నిల్వ ఉన్న మజిలీలో. చేరిన ఫైలును మధ్య సర్వర్ నుంచి వెంటనే తొలగించడం కూడా పద్ధతిలో భాగమే.

భారత్‌లో ఇది ఇక మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రత చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకూ జరిమానాకు వీలు కల్పించింది. దాని నిబంధనలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు పాటించేందుకు 18 నెలల గడువిచ్చారు. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలును, ఎక్కడికి పంపారో నమోదు చేయని పద్ధతి ఎంత వేగమైనదైనా ఇప్పుడు సంస్థకు ఉరితాడే.

డబ్బు లెక్క కూడా ఇంజినీరు బల్ల మీద తేలేది కాదు. క్లౌడ్ కంపెనీలు సాధారణంగా డేటాను లోపలికి ఉచితంగా రానిస్తాయి, బయటికి తీసుకెళ్లేటప్పుడు గిగాబైట్ చొప్పున వసూలు చేస్తాయి. చేరడం తేలిక, వదలడం ఖరీదు. పూర్తిగా ఖాతా మూసి వెళ్లే వినియోగదారులకు గూగుల్ 2024 జనవరిలో, అమెజాన్ మార్చిలో ఆ రుసుమును మినహాయించాయి. యూరోపియన్ యూనియన్ డేటా చట్టం ప్రకారం 2027 జనవరి నుంచి అక్కడ కంపెనీ మారే వినియోగదారు దగ్గర ఇలాంటి రుసుము వసూలు చేయడం కుదరదు. భారత్‌లోని సంస్థలు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందే బయటికొచ్చే దారి ఖర్చు అడగాలి. డేటా పోగుపడ్డాక బేరమాడే శక్తి ఉండదు.

మొత్తం మీద ఎంపిక అంత కష్టమేమీ కాదు. దగ్గరి సర్వర్ల మధ్య, కొన్ని టెరాబైట్లలోపు సరకుకు ఎస్‌ఎస్‌హెచ్ మీద ఆర్‌సింక్ చాలు. ఖండాలు దాటాల్సి ఉండి, గడువు తరుముతుంటే ఎన్నో దారాలుగా పంపే పద్ధతి కావాలి. లైన్ మీద వారాలు పట్టేదైతే ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కును మనిషి చేతికిచ్చి, రసీదు తీసుకుని పంపాలి. ఏ దారి పట్టినా చెక్‌సమ్ సరిపోయి, కొత్త చోట ఫైలు తెరుచుకుని, బ్యాకప్ పడేదాకా పాత ప్రతిని ముట్టుకోకూడదు.

కష్టమైనది ఈ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టడం. ప్రభుత్వ కార్యాలయంలో నాలుగు కుర్చీలు కొనాలంటే మూడు కొటేషన్లు తెప్పిస్తారు. నోట్ ఫైల్ నడుస్తుంది. సంతకాలు పడతాయి. సరకు అందాక స్టాకు రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. లక్షల మంది రేషన్, పింఛన్, వైద్య రికార్డులు ఒక సర్వర్ నుంచి మరోదానికి మారేటప్పుడు కూడా అలాంటి కాగితం ఒకటుండాలి. ఏం పంపుతున్నాం, ఏ పద్ధతిలో, ఎవరి అనుమతితో, చేరాక ఎవరు సరిచూశారు, పాతది ఎవరు ఎప్పుడు చెరిపారు అన్న ఐదు వరసలు చాలు. కుర్చీ పోతే మరోటి కొనుక్కోవచ్చు. పింఛనుదారు పేరు జాబితాలోంచి జారిపోతే ఆ సంగతి సర్వర్‌కు తెలియదు, ఇంజినీరుకూ తెలియదు. ఒకటో తారీఖున బ్యాంకు క్యూలో నిలబడ్డ ముసలమ్మకే మొదట తెలుస్తుంది.